సార్జెంట్ల ఇంటి దరఖాస్తు

ఆ ఆదివారం మాబ్రీ వాళ్ళ ఇంట్లో గొడవ మాకరోనీ ట్రే దగ్గర మొదలైంది. చర్చి నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, అందరూ బల్ల చుట్టూ కూర్చున్నాక లోర్నా గాజు ట్రే తెచ్చి మధ్యలో పెట్టింది. పైన చీజు బంగారు రంగులో పొంగి, అంచుల దగ్గర ఎర్రగా మాడి, చూడముచ్చటగా ఉంది. కానీ దానికి మూడు మూలలే ఉన్నాయి.

నాలుగో మూల ఉండాల్సిన చోట గాజు అడుగు కనిపిస్తోంది. ఎవరో కత్తితో కొలిచి కోసుకున్నట్టు చక్కటి చదరం.

లోర్నా మామగారు కళ్ళద్దాలు పెట్టుకుని ట్రే మీదికి వంగాడు. "ఇది ఎలక పని కాదు," అన్నాడు. "ఎలకకి ఇంత క్రమశిక్షణ ఉండదు."

మాకరోనీలో కరకరలాడే మూలముక్క కోసం ఆ ఇంట్లో స్నేహాలు చెడిన రోజులున్నాయి. ఉన్నవి నాలుగు మూలలు. ఒకటి పెద్దాయనది, ఒకటి ఆయన కూతురు బెర్నీస్‌ది, ఒకటి కొడుకు కర్టిస్‌ది, ఒకటి మనవరాలు తాలియాది. ఆ పంపకం ఏళ్ళ కిందటే జరిగిపోయింది, దాన్ని ఎవరూ తిరగదోడరు.

"నేను వంటింట్లోకి ఐసు కోసం వెళ్ళాను, అంతే," అన్నాడు కర్టిస్.

"రెండుసార్లు వెళ్ళావు," అంది బెర్నీస్. "నీ గ్లాసులో ఐసు మాత్రం ఒకసారికి సరిపడానే ఉంది."

"నువ్వు మాత్రం? అందరికన్నా గంట ముందు ఊడిపడ్డావు. ఎందుకట?"

"కొల్లార్డ్ ఆకుకూర రుచి చూడ్డానికి. మీ ఆవిడ ఉప్పు తక్కువేస్తుంది."

"చూశావా టాప్, రుచి చూసే అలవాటుందని తనే ఒప్పుకుంది!" అన్నాడు కర్టిస్ తండ్రి వైపు తిరిగి.

"నేనైతే కుక్కని తిప్పడానికి వెళ్ళాను," అంది తాలియా, తననెవరూ అడగకముందే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది వాలకం. అందరూ ఒక్కసారి ఆ పిల్లవైపు చూశారు.

ఈ విచారణ సాగినంతసేపూ లోర్నా వంచిన తల ఎత్తకుండా ఆకుకూర వడ్డించింది. ఎందుకంటే ఆ నాలుగో మూల పన్నెండూ నలభైకి, వేడివేడిగా, సింకు పక్కన నిలబడి తిన్నది ఆవిడే.

అదేమీ మొదటిసారి కాదు. దొరికిపోయేంత పని చేయడమే మొదటిసారి. మామూలుగా ఆవిడ అంచు వెంట సన్నటి చీలిక ఒకటి తీసి, పక్కనున్న చీజును చెంచాతో దాని మీదికి జరిపి, మళ్ళీ రెండు నిమిషాలు పొయ్యిలో పెట్టేది. భగవంతుడికి కూడా తెలిసేది కాదు. ఆ రోజు మనసు మనసులో లేదు. పన్నెండున్నరకు ఫోన్లో ఒక ఈమెయిలు వచ్చింది: గురువారం ఉదయం పది గంటలకు తాలియా మాబ్రీ ఇంటర్వ్యూకు రావాలి. అది చదివిన చేత్తోనే కత్తి పట్టుకుంది.

ఆ ఇంటర్వ్యూ సంగతి బల్ల దగ్గర కూర్చున్న ఐదుగురిలో ఇద్దరికే తెలుసు.

*

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఆ ఊరు సైనిక శిబిరం గేటు ముందు పుట్టి పెరిగింది. అక్కడ మంగలి షాపులోనూ చర్చిలోనూ మనిషిని ముందు అడిగేది పేరు కాదు, ర్యాంకు. మాబ్రీలది సార్జెంట్ల ఇల్లు. పెద్దాయన థాడియస్ మాబ్రీ ఇరవయ్యారేళ్ళు సైన్యంలో చేసి ఫస్ట్ సార్జెంటుగా రిటైరయ్యాడు. ఫస్ట్ సార్జెంటును అక్కడ అందరూ 'టాప్' అంటారు. రిటైరై ఇన్నేళ్ళయినా ఆయన టాపే. పిల్లలకీ టాపే, కోడలికీ టాపే, ఉత్తరాలిచ్చే మనిషికీ టాపే. కర్టిస్ సైన్యంలో బళ్ళు బాగుచేసే సార్జెంటు, ఇప్పుడు బడి బస్సులు బాగుచేస్తాడు. బెర్నీస్ ఆరువందల మందికి వండి వార్చిన సార్జెంటు. ఇప్పుడు ఎవరూ వండమనరు గనక తమ్ముడి పెళ్ళాం వంటకు వంకలు పెడుతుంది.

లోర్నా ఒక్కతే బయటి మనిషి. వాళ్ళమ్మ లైబ్రరీలో పనిచేసేది. పుస్తకాలు వరస తప్పితే నిద్రపట్టని వంశం.

ఆ ఇంట్లో ఆదివారం భోజనానికి ప్రార్థన ఎంత తప్పనిసరో, ఆఫీసర్ల మీద జోకులూ అంత తప్పనిసరి. సైన్యంలో 'సార్' అనేది ఆఫీసర్లనే, సార్జెంట్లను కాదు. అందుకే ఎవరైనా తెలియక తనను 'సార్' అంటే టాప్ ఇప్పటికీ ఉలిక్కిపడతాడు. "సార్ అనకు నాయనా, నేను పనిచేసి బతికినవాణ్ణి," అంటాడు. అన్ని కథల్లోకీ పెద్దకథ ప్రూయిట్‌ది. నలభై ఏళ్ళ నాడు జర్మనీలో, మంచు దట్టంగా పట్టిన ఒక పగటిపూట, ప్రూయిట్ అనే ఇరవయ్యేళ్ళు దాటీదాటని లెఫ్టినెంటు, అంటే ఆఫీసర్లలో అందరికన్నా చిన్నవాడు, చేతిలో పటం పట్టుకుని ముప్ఫై ఒక్క మందిని అడవిలోకి నడిపించాడు. పొద్దున టిఫిను తిని బయల్దేరినవాళ్ళు సాయంత్రందాకా తిరిగారు. తిరిగి తిరిగి ఒకే పశువుల కొట్టం ముందుకు మూడుసార్లు వచ్చారు.

"మొదటిసారి ఆవు మావైపు చూసింది," అంటాడు టాప్. "రెండోసారి మేత మానేసింది. మూడోసారి లేచి నిలబడి సెల్యూట్ కొట్టింది."

కథ అక్కడితో ఆగుతుంది. అందరూ బల్ల కొట్టి నవ్వుతారు, వెయ్యిసార్లు విన్నా. కర్టిస్ కారు దారి తప్పితే "ప్రూయిట్ పూనాడు" అంటుంది బెర్నీస్. సూపర్ మార్కెట్లో టాప్ ఒక వరసలోకి రెండోసారి వస్తే మాత్రం ఎవరూ ఏమీ అనరు.

అలాంటి ఇంట్లో, ఆగస్టులో ఒకరోజు బట్టలుతికే గదిలో తాలియా తలుపు దగ్గరగా వేసి, "అమ్మా, ఒకటి చెప్తాను, అరవకూడదు," అంది.

లోర్నా చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది. "కడుపా?"

"ఛీ! కాదు."

"పచ్చబొట్టా? ఎక్కడ?"

"అంతకన్నా ఘోరం." పిల్ల గొంతు తగ్గించింది. "నేను ఆఫీసర్ని అవుదామనుకుంటున్నా."

లోర్నా దుప్పటిని బుట్టలో పడేసి, అదే బుట్ట అంచు మీద కూర్చుంది.

సంగతి ఇది. సైన్యం ఒక స్కాలర్‌షిప్ ఇస్తుంది. కాలేజీ నాలుగేళ్ళ ఫీజూ వాళ్ళే కడతారు, చదువుతోపాటే ఆఫీసరు శిక్షణా ఇస్తారు. చదువయ్యాక లెఫ్టినెంటుగా చేరి కొన్నేళ్ళు పనిచేయాలి. దేశం మొత్తం మీద వేలమంది దరఖాస్తు పెడతారు, ఎంచుకునేది కొందరినే. మార్కులు, వ్యాసం, వ్యాయామ పరీక్ష, చివర ఒక సైనికాధికారితో ఇంటర్వ్యూ.

"ఎందుకే తల్లీ?" అంది లోర్నా. "ఫీజు కోసమైతే వేరే దారులున్నాయి. మీ నాన్నలా మామూలుగా చేరినా..."

"ఫీజు కోసం కాదమ్మా. పోయిన వేసవిలో బ్యాండు సాధన జరుగుతుంటే గాలివాన వచ్చింది చూడు? మాస్టారు బస్సు కోసం అటు పరిగెత్తాడు. నలభైమంది పిల్లలు, డ్రమ్ములు, పైన ఉరుములు. నేనే అందర్నీ గ్యాలరీ కిందికి తోలాను. లెక్కపెట్టుకుని, అందరూ వచ్చాక చివర నేను లోపలికొచ్చాను." పిల్ల గోడవైపు చూస్తూ చెప్పింది. "ఆ పని నాకు నచ్చింది. అంతకన్నా నచ్చిన పని నేనింతవరకు చెయ్యలేదు."

లోర్నా బుట్ట అంచు మీంచి లేచింది. తర్వాత, "వ్యాసం రాశావా?" అంది.

"రాశాను."

"ఇలా తే."

'ఉత్సాహం' అన్న మాట ఆ ఒక్క పేజీలో నాలుగుసార్లు వచ్చింది. లోర్నా మూడింటిని కొట్టేసింది. మర్నాడు నాలుగోదాన్ని కూడా కొట్టేసింది. 'నాయకత్వ లక్షణాలు' అన్నచోట గీత గీసి, "లక్షణాలొద్దు, వాన రాయి," అంది. పదకొండోసారి దిద్దాక గానీ ఆవిడకు నచ్చలేదు. పిల్ల ఏడవబోయి, తీరా చదువుకుని, ఏడుపు మానేసింది.

ఇక వ్యాయామం. నిమిషంలో ఎన్ని దండీలు తీస్తుందో, నిమిషంలో ఎన్నిసార్లు పడుకుని లేస్తుందో, ఒక మైలు ఎంతసేపట్లో పరిగెడుతుందో చూస్తారు. దండీలు బట్టలుతికే గదిలో, మిషన్ తిరుగుతుండగా. కేకు కాల్చేటప్పుడు టైము చూసేందుకు కొన్న కోడిపెట్ట ఆకారపు గడియారం పట్టుకుని లోర్నా కాలం చూసేది. పెట్ట మోగేలోపు ముప్ఫైయ్యారు. "వీపు వంగింది, ఆఖరి రెండూ లెక్కలోకి రావు," అనేది. పరుగుకు మాత్రం కుక్కను తిప్పుతున్నానన్న సాకు. వాళ్ళ కుక్క పికిల్‌కు పదమూడేళ్ళు. అర మైలు దాటాక రోడ్డు మధ్యలో పడుకునేది. మిగతా అర మైలు దాన్ని చంకనేసుకుని పరిగెత్తేది తాలియా.

"ఏమే, కుక్కని నడిపిస్తున్నావా, ఊరేగిస్తున్నావా?" అని వరండాలోంచి అడిగింది బెర్నీస్ ఒకరోజు. ఆ తర్వాత తమ్ముడి పెళ్ళాన్ని పక్కకు పిలిచింది. "లోర్నా, పిల్ల చిక్కింది. భుజాలు చూడు ఎలా అయ్యాయో. ఇంటికి వస్తే బట్టలుతికే గదిలో దూరి తలుపేసుకుంటుంది. ఇందులో ఎవడో అబ్బాయి ఉన్నాడు."

"ఉండొచ్చు," అంది లోర్నా.

"పొడుగ్గా ఉంటాడని నా అనుమానం. పొట్టివాళ్ళ కోసం ఆడపిల్లలు ఇంత పరిగెత్తరు."

*

గురువారం పళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పి ఇద్దరూ బయల్దేరారు. ఊళ్ళోనే విశ్వవిద్యాలయం, అందులో సైనిక శిక్షణ విభాగం రెండో అంతస్తులో. లోర్నా నడవాలో ఇనుప కుర్చీలో కూర్చుని పదకేళి పుస్తకం తెరిచింది. లెఫ్టినెంట్ కల్నల్ ఆస్ట్రాండర్ గది తలుపు తీసే ఉంచారు, అక్కడి పద్ధతి అది. వినడం మర్యాద కాదని లోర్నాకు తెలుసు. అందుకని పెన్సిలు కదుపుతూ విన్నది.

కల్నల్ నలభై దాటినావిడ. గొంతు పెద్దది కాదు గానీ, అడిగిన ప్రశ్న గోడకు మేకు కొట్టినట్టు నిలబడేది. చదువు గురించి అడిగింది. ఇంజనీరింగే ఎందుకంది. వాన గురించి రెండుసార్లు అడిగింది. తాలియా చక్కగా చెప్పుకొస్తోంది. లోర్నా అడ్డం ఏడులో ఒక మాట కూడా నింపింది.

"మంచి లెఫ్టినెంట్ అంటే ఎవరు?" అంది కల్నల్.

ఈ ప్రశ్న వస్తుందని ఇద్దరికీ తెలుసు. కోడిపెట్టను ముందు పెట్టుకుని తొంభై సెకన్ల జవాబు వల్లె వేశారు. తాలియా నోరు తెరిచింది. జవాబు రాలేదు. పుట్టినప్పటి నుంచి ప్రతి ఆదివారం విన్నదే వచ్చింది.

"పటం చేతిలో ఉన్నా దారి తెలియనివాడండీ," అంది. అని, ఆగలేక, మొత్తం కథ చెప్పేసింది. మంచు, ముప్ఫై ఒక్క మంది, కొట్టం, ఆవు.

లోర్నా పెన్సిలు కాగితానికి చిల్లు పెట్టింది.

లోపల ఒక కాగితం తిప్పిన చప్పుడు. తర్వాత కల్నల్ గొంతు: "సెల్యూట్ ఎన్నోసారి కొట్టింది?"

"మూడోసారి, మేడమ్."

"ఈ కథ ఎవరు చెప్పారు నీకు?"

"మా తాత, మేడమ్. ఫస్ట్ సార్జెంట్ థాడియస్ మాబ్రీ, రిటైర్డ్."

"నువ్విక్కడికి దరఖాస్తు పెట్టావని తెలిసి ఆయనేమన్నారు?"

"ఆయనకి తెలీదు, మేడమ్."

"నలభైమందిని వెంటబెట్టుకుని వాననైనా దాటిస్తానని రాశావు ఇక్కడ. భోజనాల బల్ల దగ్గర ఒక్క ముసలాయనకి చెప్పలేకపోయావా?"

"ఒక్కరు కాదు మేడమ్. ముగ్గురు. ముగ్గురూ సార్జెంట్లే."

కుర్చీ కిర్రుమంది. దగ్గో నవ్వో లోర్నాకు తేలలేదు. "సరే, కష్టమే," అంది కల్నల్. "అయినా వినమ్మాయ్. రేపు నీకు ముప్ఫైమందిని అప్పగిస్తే, వాళ్ళ పక్కన ఒక సార్జెంటు ఉంటాడు. నీ వయసుకు రెండింతల వాడు, నీకు తెలిసినదానికి నాలుగింతలు తెలిసినవాడు. ఆయనకి చెప్పకుండా ఏమీ చెయ్యలేవు. చేస్తే ఆవులే దిక్కు. నేను మార్కులు సోమవారం పంపాలి. నీ కాగితంలో ఒక గడి ఖాళీగా ఉంచుతున్నాను. సోమవారం ఎనిమిదింటికి ఫోన్ చెయ్యి. అప్పటికి మీ తాతగారికి తెలిసి ఉండాలి. ఇంకొకటి. ఆయన్ని ఒక ప్రశ్న అడిగి జవాబు పట్టుకురా. ఆ సాయంత్రం బసకి చేరాక ఆ లెఫ్టినెంట్ ఏం చేశాడు? ఇలాంటి కథలు నేను చాలా విన్నాను. సార్జెంట్లు ఎప్పుడూ ఆవు దగ్గరే ఆపేస్తారు."

కారులో తాలియా సీటులోకి కుంగిపోయింది. "అయిపోయిందమ్మా. వేలమందిలో ఒక్కరైనా చెప్పి ఉంటారా ఆవు కథ?"

"ఉండరు," అంది లోర్నా. "నిన్ను మర్చిపోవడం కష్టం."

"నువ్వు చెప్పవా టాప్‌కి? నువ్వంటే ఆయనకి గురి. నీ మాట వింటాడు."

"నేనా? నేను సివిలియన్ని." లోర్నా అద్దంలో చూసి కారు వెనక్కి తీసింది. "ఆ గడి నీది. కామాలవరకే నా పని."

శుక్రవారం తాలియా వరండాలోకి వెళ్ళింది. టాప్ చర్చి బూట్లు పాలిష్ చేసుకుంటున్నాడు. పిల్లను చూడగానే, "ఆఫీసరు బూటుకీ సార్జెంటు బూటుకీ తేడా ఏమిటో తెలుసా?" అన్నాడు. తేడా విని, నవ్వి, లోపలికి వచ్చేసింది. శనివారం మళ్ళీ వెళ్ళింది. ఆయన రేడియోలో ఫుట్‌బాల్ ఆట వింటూ, తమ జట్టు సారథిని ప్రూయిట్ అని తిడుతున్నాడు. ఆ రోజూ నవ్వి వచ్చేసింది. లోర్నా రెండుసార్లూ కిటికీలోంచి చూసింది. ఆ సాయంత్రం కోడిపెట్ట గడియారాన్ని తాలియా మంచం పక్కన బల్ల మీద పెట్టి వచ్చింది.

*

ఆదివారం పన్నెండింటికే టాప్ వంటింట్లోకి కుర్చీ లాక్కొచ్చి పొయ్యికి ఎదురుగా వేసుకున్నాడు.

"కాపలా," అన్నాడు.

"సంతోషం," అంది లోర్నా. ఆయన కళ్ళు పొయ్యి అద్దం మీదనుంచి కదల్లేదు. ఆ రోజు ఆవిడకు అంచు కూడా దక్కలేదు.

ఒంటిగంటకు నాలుగు మూలలతో, దెబ్బ తగలని కోటలా ట్రే బల్ల మీదికొచ్చింది. వేయించిన కోడి, కొల్లార్డ్ ఆకుకూర, మొక్కజొన్న రొట్టె, తియ్యటి టీ. ప్రార్థన అయింది. టాప్ తనే గరిటె తీసుకుని మూలలు పంచాడు: తనకు, బెర్నీస్‌కు, కర్టిస్‌కు, తాలియాకు. లోర్నా అలవాటుగా మంచినీళ్ళ కోసం లేచింది.

తాలియా కూడా లేచింది. చేతులు కుర్చీ వీపు మీద ఆనించింది.

"టాప్, నాదొక ప్రశ్న. ప్రూయిట్ ఆ సాయంత్రం ఏం చేశాడు?"

టాప్ ఫోర్కు సగం దారిలో ఆగింది. "ఏ సాయంత్రం?"

"ఆవు సెల్యూట్ కొట్టాక. బసకి వచ్చాక."

"ఎవరడగమన్నారు నిన్నిది?"

"లెఫ్టినెంట్ కల్నల్ ఆస్ట్రాండర్."

"నీకు కల్నల్ ఎక్కడ దొరికింది?" అన్నాడు కర్టిస్. "పళ్ళ డాక్టరు దగ్గరా?"

తాలియా చెప్పింది. గాలివాన దగ్గర మొదలుపెట్టి, దండీలు, కుక్క, వ్యాసం, తెరిచిన తలుపు, ఖాళీ గడి, అన్నీ. ఎక్కడా తల దించలేదు. "నేను ఆఫీసర్ని అవుదామనుకుంటున్నా," అని చివర చెప్పింది. "మీకు ముందే చెప్పాల్సింది. నవ్వుతారని భయపడ్డాను. అది నా తప్పు."

ముందు తేరుకున్నది బెర్నీస్. "అయితే అబ్బాయి లేడా?" అంది, సొమ్ము పోయినదానిలా. "వాడికి నేను పేరు కూడా పెట్టుకున్నాను."

కర్టిస్ పెళ్ళాం వైపు తిరిగాడు. "నీకు తెలుసా ఇదంతా?"

"కామాలు నేనే పెట్టాను," అంది లోర్నా.

టాప్ మాత్రం నవ్వలేదు. ఫోర్కును పళ్ళెం పక్కన సూటిగా, కొలిచినట్టు పెట్టాడు. జేబులోంచి రుమాలు తీసి, తుడవాల్సిందేమీ లేకపోయినా మూతి తుడుచుకున్నాడు. లోర్నాకు ఆయన చెవులు ఎర్రబడటం ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి కనిపించింది.

"బసలో కెప్టెన్ ఎదురొచ్చాడు," అన్నాడు చివరికి. "ఎవడివల్లరా ఇది అని అరిచాడు. ప్రూయిట్ ముందుకొచ్చి, పటం నా చేతిలో ఉంది సార్, తప్పు నాది, అన్నాడు."

"అంతేనా?" అంది తాలియా.

"అంతే." టాప్ టీ గ్లాసు తిప్పాడు. "అంటే... రెండో మలుపు దగ్గర అతను కుడికి అన్నాడు. ఎడమకి సార్, నాకు బాగా తెలుసు అన్నది నేను."

బెర్నీస్ టీ గ్లాసు ఠక్కున కింద పెట్టింది.

"నువ్వా?" అంది బెర్నీస్.

"మంచు దట్టంగా ఉంది."

"నలభై ఏళ్ళు! నలభై ఏళ్ళుగా ఆ ఆవుని మా మీదికి తోలుతున్నావు, ఎడమకి అన్నది నువ్వా!"

"అయితే ఇకనుంచి దారి తప్పితే ప్రూయిట్ పూనాడు అనక్కర్లేదు," అన్నాడు కర్టిస్. మూలముక్క నోట్లో పెట్టుకోబోయి, నవ్వుకు దాన్ని తిరిగి పళ్ళెంలో పెట్టాల్సి వచ్చింది. "ఇంటిపేరే సరిపోతుంది."

"కథ అవ్వలేదు," అన్నాడు టాప్ గట్టిగా, సార్జెంటు గొంతుతో. అందరూ సర్దుకున్నారు. "వేడి కూర వచ్చింది. ఒక్కటే డబ్బా, ముప్ఫై ఒక్క మందికి. అతను గరిటె పట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసరు చివర తినాలి, అది సైన్యం పద్ధతి. చాలామంది పద్ధతి కోసం నిలబడి, వంటవాడి దగ్గర తమ వాటా ముందే దాయించుకునేవాళ్ళు. ఇతను దాయించుకోలేదు. నా వంతు వచ్చేసరికి గరిటె అడుగున గీకుతోంది. అయినా నాకు నిండుగానే పెట్టాడు. ఎడమ గురించి ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. డబ్బాలో అతనికి ఏమీ మిగల్లేదు." ఆయన ఆగాడు. "నా రేషను పొట్లంలో బిస్కట్లు ఉంటే పట్టుకెళ్ళి ఇచ్చాను. వాటితో వచ్చే వేరుశనగ వెన్న మాత్రం ఇవ్వలేదు. మరీ అంత మంచివాణ్ణి కాదు నేను."

తాలియా ఇంకా నిలబడే ఉంది. "సోమవారం ఎనిమిదింటికి ఇది చెప్పనా ఆవిడకి?"

"చెప్పు. నేను పక్కన కూర్చుంటాను. ఎడమకి అన్నది ఎవరో ఆ భాగం వచ్చినప్పుడు ఫోన్ నాకివ్వు. అది నేను చెప్పుకోవాల్సిన మాట." టాప్ చెయ్యి చాచి గరిటె అందుకుని, పిడి మనవరాలి వైపు తిప్పి పట్టుకున్నాడు. "ఒకవేళ వాళ్ళు నిన్ను తీసుకోకపోతే, వచ్చే ఏడు మళ్ళీ పెడతావు. ఈసారి పరుగు నేను చూస్తాను, ఆ కుక్కని ఇంట్లో వదిలేసి రా. ముందు ఇది పట్టుకో. ఆఫీసర్ అవుతానన్నావు కదా. అందరికీ వడ్డించు. మిగిలితే తిను."

"ఇప్పట్నుంచా?"

"నీ పళ్ళెంలో మూలముక్క ఇంకా అక్కడే ఉందేం?"

తాలియా తన మూలముక్క వైపు ఒకసారి చూసింది. సొంత చేత్తో దాన్ని ఎత్తి ట్రేలో, వచ్చిన చోటే పెట్టింది. గరిటె అందుకుని అత్తకు ఆకుకూర వడ్డించడం మొదలుపెట్టింది.

బెర్నీస్ ఆ గరిటెను, తలుపు దగ్గర నీళ్ళ జగ్గుతో నిలబడ్డ లోర్నాను మార్చి మార్చి చూసింది. "ఒక్క నిమిషం. అందరికీ పెట్టి చివర తినేవాళ్ళే ఆఫీసరైతే, ఈ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా ఆఫీసరు లోర్నాయేగా?"

ఎవరూ నవ్వలేదు. కర్టిస్ తన పళ్ళెంలోకి చూసుకున్నాడు. టాప్ మెల్లగా లేచి నిలబడ్డాడు, ఆడవాళ్ళు గదిలోకి వచ్చినప్పుడు లేచినట్టు.

లోర్నా చప్పుడు చేయకుండా ఆ గౌరవం పుచ్చుకోవచ్చు. కానీ తనవి కాని మార్కులు ఉంచుకోవడం ఆవిడ పుట్టింటి వంశంలో లేదు. వీపు వంగితే రెండు దండీలు లెక్కలోంచి కొట్టేసిన మనిషి. జగ్గు బల్ల మీద పెట్టింది.

"పోయిన ఆదివారం ఆ మూల తిన్నది నేను," అంది.

కర్టిస్ నోరు తెరిచాడు.

"అంతకుముందు అంచులు. వారం వారం. పైన చీజు జరిపి మళ్ళీ పొయ్యిలో పెట్టేదాన్ని."

"ఎన్నేళ్ళుగా?" అన్నాడు టాప్.

"ఈ గాజు ట్రే కొన్నప్పట్నుంచి."

ట్రే తాలియా కన్నా వయసులో పెద్దది. టాప్ ఆ లెక్క వేసుకుంటున్నట్టు కాసేపు కప్పు వైపు చూశాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలయింది.

"చూశారా!" అన్నాడు. "అందరికీ చివర తింటున్నట్టు కనపడి, వాటా ముందే దాయించుకోవడం! నా సర్వీసంతా చూసిన ఆఫీసర్లందర్లోకీ ఈవిడే అసలు ఆఫీసరు!"

బెర్నీస్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. టాప్ రెండు వేళ్ళతో బల్ల మీద కొట్టాడు, అందరూ వినాలన్నట్టు.

"నిర్ణయం. నాలుగో మూల ఇవాళ్టి నుంచి లోర్నాది. నిలబడి కాదు, సింకు దగ్గర కాదు, ఇక్కడ, కుర్చీలో కూర్చుని, అందరి ముందూ తినాలి. వడ్డన తాలియాది. మధ్యలో మెత్తటి ముక్క ఆ పిల్లకి, అదీ మిగిలితే. అభ్యంతరాలున్నవాళ్ళు కల్నల్‌గారికి రాసుకోండి."

లోర్నా కూర్చుంది. తాలియా గరిటెతో మూలముక్కను జాగ్రత్తగా ఎత్తి తల్లి పళ్ళెంలో పెట్టింది.

"అంచు కొంచెం విరిగింది," అంది లోర్నా.

"చిత్తం, మేడమ్," అంది తాలియా.